స్కూల్ లైబ్రేరియన్ల సదస్సులో ఆటలు, పరిచయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సదస్సు ఏర్పాట్లు నెత్తిన వేసుకున్న వాళ్లూ, మొదటిసారి సదస్సుకి బయలుదేరుతున్న వాళ్లూ నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలివి. కింద చెప్పిన ఆటల్లో చాలావరకు నేను ఆడినవో, దగ్గరుండి ఆడించినవో.

ఉపన్యాసాలు ఉంటాయి కదా, మళ్లీ ఈ ఆటలెందుకు?

లెక్కల టీచర్‌కి సందేహం వస్తే స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీలో ఇంకో లెక్కల టీచర్ ఉంటారు. లైబ్రేరియన్‌కి ఆ పక్క కుర్చీ లేదు. చాలా స్కూళ్లలో ఆ పని చేసేది ఒక్కరే. చెద పట్టిన అల్మారా, స్టాక్ వెరిఫికేషన్‌లో లెక్క తేలని నలభై పుస్తకాలు, పరీక్షలు దగ్గర పడగానే వేరే సబ్జెక్టుకి వెళ్లిపోయే లైబ్రరీ పీరియడ్... ఇవన్నీ ఎవరికి చెప్పుకోవాలి? ఏడాదికోసారి సదస్సులో మాత్రం, ఈ మాటలు సగం చెప్పగానే మిగతా సగం అర్థమయ్యే వాళ్లు వందమంది ఒకే హాల్లో దొరుకుతారు. వాళ్లందరినీ రోజంతా స్టేజీ వైపు కూర్చోబెట్టి సాయంత్రం పంపించేయడానికి నాకు మనసొప్పదు.

ఉపన్యాసాలు వద్దని కాదు. మంచి ఉపన్యాసం రికార్డు చేస్తే తర్వాతైనా వినొచ్చు. పక్కన కూర్చున్న మనిషి మాత్రం ఆ రోజే దొరుకుతారు. అందుకే ఏ కార్యక్రమాన్నైనా నేను ఒకే కొలతతో చూస్తాను. ఇబ్బంది వచ్చినప్పుడు మొహమాటం లేకుండా ఫోన్ చేయగల కొత్త పేరు, ఇంటికి వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ కనీసం ఒక్కటైనా చేరిందా? చేరకపోతే ఆ ఆట ఎంత నవ్వించినా వచ్చేసారి మార్చేస్తాను.

ఎవరికీ ఎవరూ తెలియదు. మొదటి అరగంట ఎలా గడపాలి?

బ్యాడ్జీతో మొదలుపెట్టండి. పేరు, స్కూలు, హోదా అచ్చు వేసిన కార్డు ఇచ్చేస్తే అందరూ దాన్ని చదివి తలూపి ముందుకు వెళ్లిపోతారు. దానికి బదులు ఖాళీ కార్డు, లావు మొన ఉన్న స్కెచ్ పెన్ను ఇవ్వండి. పుస్తకం వెన్ను మీద అంటించే లేబుల్ లాగా ప్రతి ఒక్కరూ తమ కాల్ నంబర్, అంటే అల్మారాలో పుస్తకం చోటు చెప్పే గుర్తు, తామే రాసుకుంటారు. పైన తనకి బాగా ఇష్టమైన విషయం డ్యూవీ నంబరు (పుస్తకాల్ని విషయాల వారీగా వర్గీకరించే అంకె), దాని కింద తన పేరులో మొదటి మూడు అక్షరాలు. జానపద కథలంటే ప్రాణమైతే 398.2, డైనోసార్లంటే ఇష్టమైతే 567.9, వంటైతే 641.5. మెల్విల్ డ్యూవీ ఈ వర్గీకరణని మొదట అచ్చు వేసింది 1876లో. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎక్కడెక్కడి లైబ్రేరియన్లకో ఉమ్మడి భాష అదే. వేరే వర్గీకరణ వాడే వాళ్లు ఉంటే విషయం పేరు రాస్తే చాలు, నంబరు పక్కవాళ్లు చెప్తారు. పరిచయం అక్కడే మొదలవుతుంది కూడా.

తర్వాత గోడ వెంబడి అందర్నీ నంబర్ల వరసలో నిలబడమనండి. 000 తలుపు దగ్గర, 999 కిటికీ దగ్గర. అరవై మంది ఉంటే పది నిమిషాల్లో సర్దుకుంటారు. దశాంశం తర్వాత అంకెల దగ్గర జరిగే వాదనలు వినసొంపుగా ఉంటాయి. వరస కుదిరాక అటూ ఇటూ ఉన్న వాళ్లతో మూడు నిమిషాలు మాట్లాడమనండి. పక్క పక్క నంబర్లు కాబట్టి ఇష్టాలు కూడా కలుస్తాయి.

ఆ తర్వాత వరస మార్చండి. ఈసారి సర్వీసు ఏళ్ల ప్రకారం. నిన్న గాక మొన్న చేరిన వాళ్లు ఒక చివర, రిటైర్మెంట్‌కి దగ్గరైన వాళ్లు ఇంకో చివర. ఇప్పుడు ఆ వరసని మధ్యలో మడిచి, రెండు చివరలూ ఎదురెదురుగా వచ్చేలా చేయండి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నావిడ ఎదురుగా మూడు నెలల కిందట చేరిన కుర్రాడు నిలబడతాడు. వాళ్లకి ఐదు నిమిషాలు తక్కువే, ఎనిమిది ఇవ్వండి.

బింగో ఆడిస్తే చిన్నపిల్లల ఆటలా ఉండదా?

ఇందులో ప్రతి ఒక్కరికీ గళ్ల కాగితం ఇస్తారు, గడిలో రాసిన మాటకి సరిపోయే మనిషిని వెతికి అక్కడ సంతకం పెట్టించుకోవాలి. చిన్నపిల్లల ఆటా కాదా అన్నది గళ్లలో ఏం రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది. "నీలం రంగు బట్టలు వేసుకున్న వాళ్లు" అని రాస్తే చిన్నపిల్లల ఆటే. "ఈ ఏడాది వందకి పైగా పుస్తకాలు తీసేసిన వాళ్లు", "తిరిగొచ్చిన పుస్తకంలో వింత వస్తువు దొరికిన వాళ్లు", "ఇంకా తేదీ స్టాంపు వాడుతున్న వాళ్లు", "ఒక్క పుస్తకం కోసం ఇద్దరు పిల్లల మధ్య తగవు తీర్చిన వాళ్లు" అని రాసి చూడండి, ప్రతి గడి వెనకా ఒక కథ ఉంటుంది. సంతకం పెట్టిన వాళ్లు ఆ కథ చెప్పాలన్నదే నియమం. ఒకరి సంతకం ఒక్క గడిలోనే ఉండాలి. వరసకి ఐదు గళ్లు ఎక్కువ, నాలుగు చాలు. ఇరవై నిమిషాల్లో ఆపేయండి.

స్పీడ్ నెట్‌వర్కింగ్ మంచిదేనా?

మంచిదే, కానీ అలసట ఎక్కువ. లోపల ఒక వలయం, బయట ఒక వలయం, మూడు నిమిషాలకోసారి బయటి వాళ్లు ఒక కుర్చీ జరగడం. ఎనిమిది రౌండ్లు దాటితే మాటలు పొడిబారతాయి. ప్రతి రౌండ్‌కీ ఒక ప్రశ్న ఇవ్వండి. "మీ గురించి చెప్పండి" అంటే అందరూ ఉద్యోగ వివరాలే అప్పజెప్తారు. "పోయిన వారం మీ లైబ్రరీలో మిమ్మల్ని నవ్వించిన సంగతి ఏది?" అంటే మనిషి కనిపిస్తారు.

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు టెన్షన్. ఇలాంటి చోటికి రావడం ఎందుకని అనిపిస్తుంది.

ఈ ప్రశ్నకి కొంచెం వివరంగా జవాబు రాస్తాను, ఎందుకంటే ఇది నా ప్రశ్న కూడా. నా మొదటి సదస్సులో విరామం అనగానే గుంపులు గుంపులుగా నవ్వులు వినిపించాయి. ఏ గుంపులోకి ఎలా వెళ్లాలో తెలియక పుస్తకాల ప్రదర్శన దగ్గరికి వెళ్లి వెనక అట్టలు చదువుతూ నిలబడ్డాను. ఒకావిడ వెన్ను ఊడిన పుస్తకం ఒకటి పట్టుకొచ్చి, పేరైనా అడక్కుండా, "దీన్ని మీరైతే ఎలా బాగుచేస్తారండీ?" అని అడిగారు. అరగంట తర్వాత మేమిద్దరం నేల మీద కూర్చుని మాట్లాడుకుంటున్నాం. ఇప్పటికీ మా లైబ్రరీలో ఏ ఇబ్బంది వచ్చినా మొదట ఫోన్ చేసేది ఆవిడకే.

అప్పటి నుంచి నేను నడిపించే ప్రతి సదస్సులో ఒక మూల పుస్తకాల మరమ్మతు బల్ల ఉంటుంది. చేతిలో పని ఉంటే కళ్లు దాని మీద ఉంటాయి. ఎదుటి మనిషి కళ్లలోకి చూడాల్సిన ఒత్తిడి ఉండదు, మాట దానంతటదే వస్తుంది. అట్టకీ లోపలి కాగితాల దిమ్మెకీ మధ్య కీలు వదులైన పుస్తకాలు నాలుగైదు తెచ్చి పెట్టండి. స్వెట్టర్ అల్లే సన్నటి సూది, పుస్తకాలకి వాడే తెల్లటి పీవీఏ జిగురు, మైనం కాగితం, బరువుకి రెండు లావు పుస్తకాలు చాలు. పుస్తకాన్ని నిలబెట్టి పట్టుకుని, సూదికి జిగురు పట్టించి, వెన్ను పక్కన ఏర్పడిన సందులోకి పైనుంచి జొనిపి, మెల్లగా తిప్పుతూ లోపలి గోడలకి అంటించాలి. కింది నుంచి కూడా అలాగే. అట్ట మూసి, లోపల మైనం కాగితం పెట్టి, కీలు గాడి మీద ఎముక పుల్లతోనో స్కేలు అంచుతోనో నొక్కి, రాత్రంతా బరువు కింద ఉంచితే పుస్తకం మళ్లీ బిగుస్తుంది. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు సూది తిప్పాలి, కాబట్టి ఇద్దరు కావాల్సిందే. మామూలు సెల్లోటేపు ఆ బల్ల దగ్గరికి రానివ్వకండి. అది కొన్నేళ్లకి పసుపు తిరిగి ఊడిపోతుంది, జిగురు మరక మాత్రం కాగితంలోనే ఉండిపోతుంది.

నోరు విప్పడం అసలే ఇష్టం లేని వాళ్ల కోసం ఒక గోడకి పెద్ద కాగితం అంటించి, మధ్యలో గీత గీయండి. ఒకవైపు "నాకు కావాలి", ఇంకోవైపు "నేను ఇవ్వగలను". ఒకరు "మూడో తరగతి పిల్లలకి కథ చెప్పడం నేర్పండి" అని రాస్తారు. ఇంకొకరు "ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి కేటలాగ్ ఎక్కించడం చూపిస్తాను" అంటారు. సాయంత్రంలోగా ఎవరు ఎవరిని వెతుక్కోవాలో గోడే చెప్తుంది.

ముందే ఎజెండా పెట్టకుండా సదస్సు జరుగుతుందా?

జరుగుతుంది. దాన్ని ఓపెన్ స్పేస్ అంటారు. హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ ఏడాది పాటు కష్టపడి 1983లో ఒక పెద్ద సదస్సు నిర్వహించారు. అన్నిటికంటే బాగున్నవి విరామాలేనని వచ్చిన వాళ్లన్నారు, ఆయనా ఒప్పుకున్నారు. 1985 నాటికి సదస్సంతా విరామంలాగే ఉండే పద్ధతి తయారుచేశారు. టీచర్ల కోసం ఇదే దారిలో వచ్చిన ఎడ్‌క్యాంప్ 2010లో ఫిలడెల్ఫియాలో మొదలైంది.

పద్ధతి సులువే. గోడ మీద సమయాలూ గదులూ ఉన్న ఖాళీ పట్టిక. ఎవరికి ఏది మాట్లాడాలని ఉంటే అది కాగితం మీద రాసి గడిలో అంటిస్తారు. తనకి పనికిరాదనిపించిన గదిలోంచి ఎవరైనా లేచి ఇంకో గదికి వెళ్లిపోవచ్చు, దాన్ని అమర్యాద అనుకోకూడదు. దీనికి రెండు కాళ్ల నియమం అని పేరు. మనవాళ్లకి మధ్యలో లేచి వెళ్లాలంటే మొహమాటం. కాబట్టి నిర్వాహకులే మొదటి పది నిమిషాల్లో ఒక గదిలోంచి ఇంకో గదికి వెళ్లి చూపించాలి. ప్రతి గదిలో ఒకరు నోట్సు రాయాలి, లేకపోతే మంచి మాటలన్నీ గాలిలో కలిసిపోతాయి.

ఒక ఇబ్బంది ఉంది. గొంతు పెద్దగా ఉన్న వాళ్లే గదిని ఏలేస్తారు. మొదట ఒక్కరే ఆలోచించి రాసుకోవడం, తర్వాత ఇద్దరు, ఆ తర్వాత నలుగురు, చివరికి అందరూ కలిసి మాట్లాడటం అనే వరస పాటిస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

వరల్డ్ కేఫే అంటే ఏమిటి? పెచాకుచా అంటే?

వరల్డ్ కేఫే 1995లో కాలిఫోర్నియాలో వానవల్ల పుట్టిందంటే నమ్ముతారా! వువానిటా బ్రౌన్, డేవిడ్ ఐజాక్స్ దంపతుల ఇంట్లో సమావేశం. వానకి బయట కూర్చోలేక, లోపలే చిన్న బల్లలు వేసి పైన కాగితం పరిచారు. వచ్చిన వాళ్లు ఆ కాగితాల మీదే ఆలోచనలు రాస్తూ, బల్లలు మారుతూ మాట్లాడుకున్నారు. ఇప్పుడూ అంతే. బల్లకి నలుగురైదుగురు, ఇరవై నిమిషాలు, మూడు రౌండ్లు. ఒకరు బల్ల దగ్గరే ఉండి, కొత్తగా వచ్చిన వాళ్లకి ముందు జరిగిన మాటలు చెప్తారు. ప్రశ్న బాగుంటేనే ఇది నడుస్తుంది. "పఠనాసక్తిని పెంచడం ఎలా?" అని అడిగితే అందరూ వ్యాసం చెప్తారు. "మీ లైబ్రరీలో ఎప్పుడూ పుస్తకం తీసుకోని పిల్లవాణ్ని ఒక్కణ్ని తలుచుకోండి. వాడు లోపలికి రావాలంటే గదిలో ఏ ఒక్కటి మార్చాలి?" అని అడిగితే హాలు నిశ్శబ్దమవుతుంది, ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెడతారు.

పెచాకుచా 2003లో టోక్యోలో ఆస్ట్రిడ్ క్లైన్, మార్క్ డైథమ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు మొదలుపెట్టిన ప్రసంగ పద్ధతి. ఇరవై బొమ్మలు, ఒక్కోదానికి ఇరవై సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. బొమ్మలు వాటంతటవే మారిపోతాయి. తన లైబ్రరీలో ఒక మూల ఏడాదిలో ఎలా మారిందో చూపించడానికి బాగా పనికొస్తుంది. ఇరవై బొమ్మలు భయపెడితే ఐదు పెట్టుకోండి.

ఆడుతూ నిజంగా ఏదైనా నేర్చుకునే ఆట ఒకటి చెప్పండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పుస్తకాల కోర్టు. అల్మారాలోంచి ఏ పుస్తకాలు తీసేయాలన్నది మనలో చాలామందికి మనసుకి కష్టమైన పని. ఒక్కరే కూర్చుని నిర్ణయించాలంటే చేతులు రావు. కోర్టులో అది అందరి పని అవుతుంది.

ఐదారుగురి జట్టుకి ఒక పుస్తకం ఇస్తారు. ఒకరు తీసేయాలని వాదిస్తారు, ఒకరు ఉంచాలని వాదిస్తారు, మిగతా వాళ్లు తీర్పు చెప్తారు. వాదనకి మస్టీ అనే ఆరు కొలతలే ఆధారం. చదివిన వాళ్లని తప్పుదోవ పట్టించేది, చిరిగి పాడైపోయింది, కొత్త ముద్రణ వచ్చేసింది, పెద్దగా విలువ లేనిది, ఈ స్కూలు పిల్లలకి సంబంధం లేనిది, వేరే చోట సులువుగా దొరికేది. ఆరు ఇంగ్లిష్ పదాల మొదటి అక్షరాలు కలిపితే మస్టీ. మగ్గిన వాసన అని ఆ మాటకి అర్థం ఉండటం కూడా సరిపోయింది.

కేసులు జాగ్రత్తగా ఎంచుకోండి. సౌర కుటుంబంలో తొమ్మిది గ్రహాలున్నాయని చెప్పే అందమైన బొమ్మల పుస్తకం తెండి. ప్లూటోని గ్రహాల జాబితాలోంచి తీసింది 2006 ఆగస్టులో. మిగతా ఎనిమిది గ్రహాల బొమ్మలు ఎంత బాగున్నా ఆ పుస్తకం ఉండొచ్చా? సోవియట్ యూనియన్ ఉన్న అట్లాసు? 1991 తర్వాత ఆ దేశమే లేదు. 2011లో ఏర్పడిన దక్షిణ సూడాన్ అందులో కనిపించదు. భూగోళం పాఠానికి పనికిరాదు, సరే. చరిత్ర పాఠానికి పనికొస్తుందా? ఈ రెండో ప్రశ్న దగ్గరే అసలు చదువు జరుగుతుంది.

ఒకసారి ఒక జట్టుకి బాగా నలిగిపోయిన కథల పుస్తకం వచ్చింది. అట్ట లేదు, మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. తీసేయాలని వాదించాల్సిన లైబ్రేరియన్ లేచి, పుస్తకం తీసుకున్నప్పుడల్లా గడువు తేదీ వేసే డేట్ స్లిప్ తెరిచి చూపించారు. రెండు వైపులా నిండి, దాని మీద ఇంకో స్లిప్ అంటించి, అది కూడా నిండింది. "ఇది పాడైపోయిన పుస్తకం, నిజమే. పిల్లలు చదివి చదివి పాడుచేశారు" అన్నారు. తీసేయాలి, కానీ అదే పుస్తకం కొత్త ప్రతులు రెండు కొనాలి అని తీర్పు వచ్చింది. ఏది తీసేయాలో చెప్పే డేట్ స్లిప్పే ఏది మళ్లీ కొనాలో కూడా చెప్తుందని ఆ రోజు హాల్లో అందరికీ తెలిసింది.

అనుభవం ఉన్న వాళ్ల దగ్గర కొత్తవాళ్లు నేర్చుకునే ఏర్పాటు ఏదైనా ఉందా?

మనుషుల్ని పుస్తకాల్లా ఇష్యూ చేయండి. మనుషుల లైబ్రరీ అనే ఆలోచన 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డె ఉత్సవంలో మొదలైంది. అక్కడ ఉద్దేశం వేరు, అపోహలు పోగొట్టడం. మనం దాన్ని ఇలా వాడుకోవచ్చు. అనుభవజ్ఞులు ఎనిమిది మంది ఒక్కో శీర్షిక పెట్టుకుంటారు. "వరదలో తడిసిన లైబ్రరీని మళ్లీ నిలబెట్టడం", "చదవడానికి ఇబ్బంది పడే పిల్లలు", "తక్కువ డబ్బుతో ఎక్కువ పుస్తకాలు". కౌంటర్ దగ్గర స్లిప్ మీద పేరు రాసి ఇరవై నిమిషాలు తీసుకోవాలి, గడువుకి తిరిగి ఇచ్చేయాలి. ఒక్కొక్కరికీ ఇద్దరు ముగ్గురు పాఠకులు చాలు.

మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాలతో కూడా ఒక చిన్న ఆట ఉంది. పుస్తకాలు వాడటానికే, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు, పాఠకుడి సమయం ఆదా చేయాలి, గ్రంథాలయం పెరిగే జీవి. హాల్లో ఐదు చోట్ల ఐదూ అంటించి, "ఈ ఏడాది మీ లైబ్రరీలో ఏ సూత్రం బాగా దెబ్బతింది?" అని అడిగి, ఆ సూత్రం దగ్గరికి వెళ్లి నిలబడమనండి. తాళం వేసిన అల్మారాల వాళ్లంతా మొదటి సూత్రం దగ్గర చేరతారు. తమలాంటి వాళ్లు ఇంతమంది ఉన్నారా అని ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపుల కోసమే నేను ఈ ఆట ఆడిస్తాను.

బహుమతులు పెట్టాలా?

వద్దు. బహుమతి పెట్టగానే గెలవాలన్న ధ్యాస వచ్చి, ఎదుటి మనిషి మాట వినడం తగ్గిపోతుంది.

పదిహేను మందే ఉంటే? మూడొందల మంది ఉంటే?

పదిహేను మందైతే మరమ్మతు బల్ల, కోర్టు రెండూ చాలు, సమయం కూడా మిగులుతుంది. మూడొందల మందైతే అందరికీ ఒకేసారి ఒకే ఆట పెట్టకండి. ముప్పై మందికో గది, గదికో ఆట, గంటకోసారి మార్పు. ఆన్‌లైన్‌లో చేరే వాళ్లని ముగ్గురేసి చిన్న గదుల్లో వేయండి. ఆరుగురుంటే నలుగురు మైకు ఆపేసి కూర్చుంటారు.

అందరూ పాల్గొనేలా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మైకు వాడండి. "నా గొంతు పెద్దదే, మైకు అక్కర్లేదు" అనే వక్త వల్ల, సరిగ్గా వినిపించని వాళ్లు ఆ విషయం బయటపెట్టుకోవాల్సి వస్తుంది. నిలబడి ఆడే ప్రతి ఆటకీ కూర్చుని ఆడే పద్ధతి ఉండాలి. గోడ వరస ఆటలో కుర్చీలు ముందే వేసి పెట్టండి, వీల్‌చైర్ తిరిగేంత దారి వదలండి. ఫొటోలు వద్దనుకునే వాళ్లకి వేరే రంగు బ్యాడ్జీ తాడు ఇవ్వండి. ఏ ఆటలోనైనా "నేను చూస్తాను" అనే హక్కు అందరికీ ఉందని మొదటే చెప్పండి. చూస్తూ కూర్చున్న వాళ్లలో సగం మంది రెండో ఆటకి వాళ్లంతట వాళ్లే లేచి వస్తారు.

సదస్సు అయిపోయాక పరిచయాలు నిలబడటం లేదు. ఏం చేయాలి?

వాట్సాప్ గ్రూపు ఒక్కటే పెట్టి ఊరుకోకండి. రెండు నెలలకి అందులో శుభోదయాలు మాత్రమే మిగులుతాయి. చివరి పావుగంటలో ప్రతి ఒక్కరికీ ఒక డేట్ స్లిప్ ఇవ్వండి. దాని మీద తన పేరు, ఫోన్ నంబరు, ఇంకా జవాబు దొరకని ఒక ప్రశ్న రాసి, ఆ రోజు పరిచయమైన ఒకరికి ఇస్తారు. బల్ల మీద స్టాంపు ఉంటుంది. సరిగ్గా పద్నాలుగు రోజుల తర్వాతి తేదీ వేసుకుంటారు. ఆ రోజు ఫోన్ చేసి, ఆ ప్రశ్న గురించి మాట్లాడాలి. రెండో గడువు అక్టోబర్‌లో వేసుకోమంటాను. అది అంతర్జాతీయ స్కూల్ లైబ్రరీ మాసం. 1999లో ఒక్క రోజుగా మొదలై 2008 నుంచి నెలంతా జరుగుతోంది. ఇద్దరు లైబ్రేరియన్లు కలిసి తమ పిల్లల చేత ఒకరికొకరు ఉత్తరాలు రాయించడానికి అంతకంటే మంచి నెల లేదు.

గడువు రోజున అవతలి వాళ్లు ఫోన్ ఎత్తకపోతే?

ఏమీ అనుకోకండి. ఎవరో టీచర్ సెలవు పెడితే ఆ క్లాసుకి వాళ్లని పంపి ఉంటారు. స్లిప్ మీద వాళ్లు రాసిన ప్రశ్ననే మెసేజ్‌గా పంపి, దాని కింద మీకు తోచిన జవాబు రెండు వాక్యాల్లో రాయండి. సాయంత్రం లైబ్రరీకి తాళం వేశాక వాళ్లే చేస్తారు.